నవ్వించే వంతు ఎవరిది?

మా తిరుపతి కుర్రాళ్ళు కొందరు కలిసి ఒక చిన్న సినిమా తీయబోతున్నారు. పోయిన నెల స్క్రిప్టు నా చేతికిచ్చి, చదివి మొహమాటం లేకుండా చెప్పమన్నారు. గంటన్నర కామెడీ. కొంత సొంత డబ్బు, కొంత స్నేహితుల దగ్గర తెచ్చింది, కెమెరా అద్దెది. కథంతా ఒక టెంట్‌హౌస్ చుట్టూ తిరుగుతుంది. ఒకే రోజు రెండు ఆర్డర్లు వస్తాయి: తిరుచానూరు రోడ్డులో ఒక పెళ్ళి, కొర్లగుంటలో ఒక పెద్దకర్మ. సామాన్లు తారుమారవుతాయి. పెళ్ళి మండపం ముందర ‘అశ్రునివాళి’ ఫ్లెక్సీ లేస్తుంది. కర్మ జరిగే ఇంటి ముందర ఫ్లెక్సీలో కొత్త జంట చేతులు జోడించి ‘సుస్వాగతం’ అంటూ నిలబడి ఉంటుంది. అక్కడ గట్టిగా నవ్వేశాను. ఇంట్లోవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు.

స్క్రిప్టు చివర విడిగా ఒక పేజీ పెట్టారు. తమ సినిమాలో ఎవరెవరికి చోటిచ్చారో అందులో రాశారు. బిర్యానీ మాస్టర్ ముస్లిం. పలక, అంటే డప్పు, కొట్టే పెద్దాయన దళితుడు. పూలు కట్టే ఆవిడ తమిళం కలిపి మాట్లాడుతుంది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే అబ్బాయికి వినపడదు. ఒక సీనులో హిజ్రాలు కూడా వస్తారు. పెళ్ళికూతురు ఇంజనీరు. ఇంత చిన్న సినిమాలో ఊరంతటినీ చూపించాలన్న తపన నాకు నిజంగా నచ్చింది. పెద్ద సినిమాల్లో ఈ మాత్రం ఆలోచన కూడా ఉండదు.

కానీ రెండోసారి చదివినప్పుడు ఇంకో సంగతి చూశాను. నవ్వు తెప్పించే ప్రతి మాటా, ప్రతి చేష్టా హీరోకో, హీరో స్నేహితుడికో, టెంట్‌హౌస్ ఓనరుకో దక్కాయి. ముగ్గురూ తెలుగు సినిమాలో ఎప్పుడూ చూసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఆ పేజీలో ఉన్నవాళ్ళలో కొందరు సాయం చేస్తారు, కొందరు సలహా చెబుతారు, కొందరు కళ్ళు తుడుచుకుంటారు. మిగిలినవాళ్ళను చూసి మనం నవ్వాలి. వాళ్ళంతట వాళ్ళు నవ్వించే సీను ఒక్కటీ లేదు.

కామెడీలో ప్రాతినిధ్యం అంటే తెర మీద ఎవరు కనిపిస్తున్నారన్నది కాదని నేను నమ్ముతున్నాను. తిక్క పనులు చేసే స్వేచ్ఛ ఎవరికి ఉంది, ఎదుటివాడికి తిరిగి అంటించే మాట ఎవరి నోట ఉంది అన్నదే లెక్క. కామెడీకి ఉన్న ఆస్తి అంతా అదే. దాన్ని ముగ్గురికే పంచి, మిగతావాళ్ళకు మర్యాద ఇచ్చాం అంటే వాళ్ళకు ఏమీ ఇవ్వనట్టే.

మంచోడి పాత్ర

ఈ మాట నాకంటే ముందు, నాకంటే బాగా ఇంకొకాయన అన్నాడు. అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుకునే రోజు నన్నూ రమ్మన్నారు. ఒకరి మేడ మీద చాప పరుచుకుని కూర్చున్నాం. బిర్యానీ మాస్టర్ వేషానికి ఒక టైలర్ భాయ్‌ను ఒప్పించుకొచ్చారు. జన్మలో ఎప్పుడూ నటించలేదు గానీ, ఆయన అంగట్లో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడతారు. కొలతలు తీసుకుంటూనే ఆ ఇంటి కథంతా లాగేసి, ఆ కథలోంచే ఒక చురక తిరిగి ఇచ్చి పంపిస్తాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన మాటలన్నీ చదివాడు. పెళ్ళివాళ్ళకు అన్నం తక్కువైతే తన సొంత డబ్బుతో బియ్యం తెప్పిస్తాడు. కర్మ ఇంటివాళ్ళు గొడవకొస్తే చేతులు పట్టుకుని బతిమాలుతాడు. చివర్లో మనుషులంతా ఒకటే అని ఒక పేరా చెబుతాడు. చదవడం అయ్యాక కాగితాలు మోకాలి మీద పెట్టి అడిగాడు.

“ఏమప్పా, ఈయప్ప సినిమా అంతా మంచోడేనా? యాడా ఒక్క తప్పు గూడా చెయ్యడా?”

“చేస్తే బాగుండదు భాయ్. మీవాళ్ళు ఏమన్నా అనుకుంటారని…”

“మావాళ్ళ సంగతి నేను చూసుకుంటా గానీ, ముందు నాకేదన్నా ఒక తిక్క పని ఇయ్యండి.”

పిల్లలు నవ్వారు గానీ ఆయన సరదాకి అడగలేదు. రెండు రోజులు అంగడి మూసుకుని షూటింగుకు వస్తున్న మనిషి. ఊళ్ళో ఆయన్ను దేనికి ఇష్టపడతారో అది తీసేసి, ఒక దయగల బొమ్మలాగా నిలబెట్టి తీస్తామంటే ఎందుకు ఒప్పుకోవాలి? ఎవరికీ కోపం రాకూడదన్న భయంతో ఆ పాత్రను కడిగి కడిగి తెల్లగా చేశారు. కడిగినకొద్దీ మనిషి మాయమైపోయాడు.

పెళ్ళికూతురిదీ అదే కథ. సినిమా అంతా హీరోకి బుద్ధి చెబుతూనే ఉంటుంది. ఆమెకు ఒక పిచ్చి ఇష్టం లేదు, ఒక అబద్ధం లేదు, ఒక మొండితనం లేదు. భార్యంటే భయం అన్న పాత జోకులు మానేసినందుకు సంతోషమే. కానీ వాటి స్థానంలో తెలివైన ఆడపిల్ల అని ఒక టీచరమ్మను పెడితే నటించే అమ్మాయికి చేయడానికి ఏముంటుంది?

మన తోలుబొమ్మలాట వాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రాముడూ సీతా పద్యాలు పాడుకుంటారు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వస్తారు, మన యాసలో ఊరి సంగతులు ఎత్తుకుంటారు, పిల్లలు అరుగుల మీద నుంచి దూకి ముందుకొస్తారు. జుట్టుపోలిగాడు ఒకటంటే బంగారక్క రెండంటుంది. అవి బూతులే, ఇప్పటి మన చెవులకు మోటుగానే ఉంటాయి. అయినా ఆమె నోరు మూయించి ఆట నడిపించిన బొమ్మలాటవాడు ఉండడు. ఆమె ఎదురు మాట్లాడకపోతే అక్కడ ఆటే లేదు.

చిన్న సినిమాకు ఉన్న వెసులుబాటు

డబ్బులు లేవు, ఇంతమందికి ఇన్ని సీన్లు ఎక్కడివి అన్నాడు ఒక కుర్రాడు. నేను ఒప్పుకోను. స్టారు ఉంటే ప్రతి సీనూ ఆయన చుట్టూ తిరగాలి, ఆయన మీద ఎవరూ జోకు వేయకూడదు. చిన్న సినిమాకు ఆ బాధ లేదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో పెళ్ళికాని నలభై తొమ్మిదేళ్ళ అటెండరుకీ, ఆయన ఆఫీసుకే అధికారిగా వచ్చిన ఒడిశా ఆవిడకీ మధ్య ప్రేమ నడుస్తుంది. నటించినవాళ్ళలో చాలామంది ఆ పేట మనుషులే. 2021లో వచ్చిన ‘సినిమా బండి’ మనకు ఇంకా దగ్గర. అందులో మాట్లాడేది కోలారు వైపు తెలుగు, అంటే పలమనేరు దాటితే వినిపించే తెలుగు. అందులో క్షవరం చేసే మరిడేశ్ బాబుకు హీరో అయిపోవాలన్న ఉబలాటం, కూరగాయలమ్మే మంగకు ఎవరినీ లెక్కచేయని కోపం. వాళ్ళ వృత్తి మీద మనం నవ్వం. వాళ్ళ గొప్పలు, అలకలు చూసి నవ్వుతాం. మరిడేశ్ బాబును సద్గుణ సంపన్నుడిగా రాసి ఉంటే ఆ సినిమా గురించి ఈరోజు మాట్లాడుకునేవాళ్ళం కాదు.

డబ్బు కంటే భయం పెద్ద కారణం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెద్ద సినిమా మీద ఎవరో కేసు వేస్తే అది పబ్లిసిటీ. చిన్న సినిమా మీద ఒక వినతిపత్రం పడితే చాలు, రిలీజు ఆగిపోతుంది, వడ్డీలు మాత్రం ఆగవు. మనోభావాలు దెబ్బతిన్నాయన్న మాట ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి అందరినీ మంచోళ్ళను చేసేస్తే ఏ గొడవా ఉండదనుకుంటారు. కానీ ఈ జాగ్రత్త ఎవరి విషయంలో పనిచేస్తుందో చూడండి. టెంట్‌హౌస్ ఓనరు పిసినారి, పిరికివాడు, అబద్ధాలకోరు. అతని కులంవాళ్ళు ఏమనుకుంటారో అని వీళ్ళకు ఒక్క క్షణం కూడా టెన్షన్ రాలేదు. అతను వాళ్ళ కళ్ళకు ఒక మనిషి. బిర్యానీ మాస్టర్ మాత్రం ఒక సమూహం మొత్తానికి వకాల్తా పుచ్చుకుని వచ్చినవాడు.

ఫ్లెక్సీ అబ్బాయి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి స్క్రిప్టులో తారుమారుకి కారణం అతనే. ఓనరు ఒకటి చెబితే అతనికి ఇంకోలా వినపడుతుంది. చెవిటివాడి మీద జోకు మనకు నాటకాల రోజుల నుంచీ ఉన్నదే. 2024 జులైలో ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే వివరంగా మాట్లాడింది. వైకల్యం ఉన్నవాళ్ళను కించపరిచే హాస్యం వేరు, వాళ్ళ జీవితం అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అని తేడా చూపించింది. వాళ్ళ గురించి తీసేటప్పుడు వాళ్ళను కలుపుకోవాలని కూడా చెప్పింది. నేను ఈ తీర్పు గురించి చెబితే పిల్లలు ఆ పాత్రనే తీసేస్తామన్నారు. నా గుండె గుభేలుమంది. తీసేయమని కాదు గదా చెప్పింది.

అప్పుడు టీములో సౌండు పని చూసే అమ్మాయి నోరు విప్పింది. ఆమె తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. “మా చుట్టాలు ఇప్పటికీ వాడికి వాయిస్ మెసేజులే పంపుతారన్నా. పండక్కి, పుట్టినరోజుకి, దేనికైనా. వాడు అవన్నీ నాకు పంపి, ఏం వాగారో టైప్ చేసి పెట్టక్కా అంటాడు” అంది.

అంతే, సీను అక్కడికక్కడే మారిపోయింది. ఇప్పుడు ఓనరు టైప్ చేయడానికి బద్ధకించి, వినపడని డిజైనరుకు రెండు ఆర్డర్లూ వాయిస్ మెసేజుల్లో పంపుతాడు. ఇతను మూడుసార్లు ‘టైప్ చెయ్యండి’ అని పెడతాడు. ఓనరు ఇంకా గట్టిగా అరిచి ఇంకో వాయిస్ పంపుతాడు. చివరికి ఇతను ఒళ్ళుమండి, చేతికందిన ఫొటోలతో తోచినట్టు ఫ్లెక్సీలు కొట్టి పంపేస్తాడు. తప్పు జరిగింది, ఫ్లెక్సీ అబ్బాయి కూడా తప్పు చేశాడు, కోపంతో చేశాడు. కానీ నవ్వు ఎవరి మీద పడుతుందో మారింది. మొదటి సీను కంటే ఇది ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది కూడా. లోపలి సంగతి తెలిసినవాళ్ళు చెప్పే జోకులో కొత్తదనం ఉంటుంది. బయటి నుంచి వేసే జోకు అందరూ వేసి వేసి అరిగిపోయినదే.

“మా నాయన్ను చూసి నవ్వేది నాకిష్టం లేదు”

ఇంతవరకూ నా వాదన నల్లేరు మీద నడకే. పలక కొట్టే పెద్దాయన దగ్గరకొచ్చేసరికి అది ఆగిపోయింది.

ఆ పాత్ర రాసిన కుర్రాడి నాన్న నిజంగానే పలక కొడతాడు. మా చుట్టుపక్కల చావుకైనా జాతరకైనా ఆ పలకలు లేకుండా జరగదు. స్క్రిప్టులో ఆ పెద్దాయన క్లైమాక్సుకు ముందు పెళ్ళివాళ్ళను నిలదీస్తాడు. మేము కొడితేనే మీకు శుభమూ అశుభమూ, మమ్మల్ని మాత్రం గేటు బయటే నిలబెడతారు అంటాడు. ఆ మాటల్లో నిజం ఉంది, రాత కూడా బాగుంది. ఈయనకు కూడా ఒక సరదా సీను ఉంటే బాగుంటుందేమో అన్నాను.

ఆ అబ్బాయి తల దించుకునే అన్నాడు, “లేదన్నా. మా నాయన్ను చూసి జనం నవ్వేది చిన్నప్పటి నుంచీ చూస్తాండా. తాగినోళ్ళు ఆయన ముందర ఎగుర్తా పేరు పెట్టి పిలుస్తారు. సినిమాలో గూడా నవ్వేది నాకిష్టం లేదు.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. తిక్క పనులు చేసే స్వేచ్ఛ అందరికీ కావాలని నేను అంటున్నాను. కానీ ముందు గౌరవం దొరికినవాడికే ఆ స్వేచ్ఛ సుఖంగా ఉంటుంది. అదే దొరకనివాడికి తెర మీద ఒక్క గంట తలెత్తుకుని నిలబడడం పెద్ద విషయం. దాన్ని కామెడీ పేరుతో లాక్కునే హక్కు నాకెక్కడిది? ఆ సీను నీ ఇష్టం అని వదిలేశాను.

వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. చావు దెబ్బ వేరు, పెళ్ళి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు. తెలిసినవాడు నాలుగు దెబ్బలు వినగానే ఇది ఏ సందర్భమో చెప్పేస్తాడు. కొత్త సీనులో సామాన్లతో పాటు పలకలవాళ్ళు కూడా దారి తప్పి, కర్మ ఇంటికి పోవలసినవాళ్ళు మండపం దగ్గర దిగుతారు. పెళ్ళివాళ్ళు అడ్వాన్సు కూడా చేతిలో పెట్టకుండా కొట్టు కొట్టు అని అరుస్తారు. పెద్దాయన ఫ్లెక్సీ వంక చూస్తాడు, అశ్రునివాళి అని ఉంది. సరే అని చావు దెబ్బ ఎత్తుకుంటాడు. పెళ్ళికొడుకు స్నేహితులు నోట్లు నోట కరుచుకుని ఎగురుతుంటారు. మేనమామలు ఎగురుతుంటారు. ఏం కొడుతున్నాడో ఒక్కరికీ తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్ ముసలాయనకు మాత్రం తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాకే పెద్దాయన దెబ్బ మారుస్తాడు.

నిలదీసే మాటలు అతను తీసేయలేదు. తీసేయాలని నేను అనుకోను కూడా. కానీ అంతకుముందు ఆ సీను చూసిన ప్రేక్షకుడు ఆ మాటలను జాలితో వినడు. ఆ మనిషి చేతిలో పది నిమిషాల కింద తనూ మోసపోయి ఉంటాడు గదా.

స్క్రిప్టులో పూలావిడ యాస మీద వేసిన జోకుల గురించి ఒక్క మాట. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960లో. నగరి, పుత్తూరు, చిత్తూరు పక్క ఇళ్ళల్లో సగం చుట్టరికాలు అవతల తమిళనాడులో ఉన్నాయి. ఇక్కడ తమిళం కలిసిన తెలుగు పరాయి భాష కాదు. మన యాసను విలన్ల పక్కన తిరిగే మనుషులకు మాత్రమే పెట్టినన్నాళ్ళూ మనకు కష్టంగానే ఉండేది. 2021లో ‘పుష్ప’ వచ్చాక అందరూ సరదాగా చిత్తూరు యాసలో మాట్లాడుతుంటే పొంగిపోయాం. మరి ఆ పొంగు పూలావిడ దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగిపోవాలి? ఈ సీను మార్చడానికి టీములో ఎవరూ అడ్డు చెప్పలేదు.

చీర

అసలు పేచీ చీర దగ్గర వచ్చింది. ఇంకా తెగలేదు. కర్మ ఇంటివాళ్ళు తరుముతుంటే హీరో స్నేహితుడు దండెం మీద చీర లాక్కుని చుట్టుకుని పారిపోతాడు. దారిలో హిజ్రాలు ఎదురై, మనవాడే అనుకుని చప్పట్లు కొడుతూ వెంటపడతారు. హాల్లో ఈలలు పడతాయని దర్శకుడి నమ్మకం. నేను వద్దన్నాను. “ఏందన్నా, గంగజాతరకు మనమందరం చీర కట్టుకుంటాం గదా, అప్పుడు లేని తప్పు ఇప్పుడు యాడొచ్చింది?” అన్నాడు.

మంచి ప్రశ్న. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులూ ఊరు ఎట్లుంటుందో బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’లో జాతర సీను చూసి కొంత తెలిసి ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. దుర్మార్గుడైన పాలెగాడిని పట్టుకోవడానికి ఆ తల్లే ఇన్ని వేషాలు కట్టిందని మన కథ, దొర వేషంలో ఉండగానే వాడి తల నరికింది. మొక్కుకున్న మగవాళ్ళు చీర కడతారు. మీసం అట్లాగే ఉంటుంది, జడలో మల్లెపూలుంటాయి. బండ వేషం రోజు బూతులు తిట్టినా ఎవరూ ఏమనుకోరు.

మా పక్కింట్లో పోయిన జాతరకు ఒకబ్బాయికి చీర కట్టడం చూశాను. వాళ్ళ అక్క నోట్లో పిన్నీసులు పెట్టుకుని కుచ్చిళ్ళు సర్దుతోంది. పొట్ట లోపలికి పీల్చరా అంటోంది. వాళ్ళమ్మ తన గొలుసు తీసి వేసింది. ఎదురింటి పెద్దావిడ వచ్చి కొంగు పొడుగైందని మళ్ళీ విప్పించింది. అందరూ నవ్వుతూనే ఉన్నారు. కానీ ఎవరూ చీరను చూసి నవ్వడం లేదు. చీర కుదరనందుకు నవ్వుతున్నారు. స్క్రిప్టులో చీరే జోకు. మగవాడు ఆడదానిలా కనిపించడమే నవ్వులాట. దాని వెనక మన ఊళ్ళోనే అద్దె ఇల్లు దొరక్క తిరిగే మనుషులు ఉన్నారు. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళను థర్డ్ జెండర్‌గా గుర్తించింది. ఇన్నేళ్ళయినా సినిమాలో వాళ్ళ పని చప్పట్లు కొట్టడమేనా?

జాతర అందరినీ సమానం చేస్తుందని నేను అనను. ఏ వేషం ఏ ఇంటివాళ్ళు కట్టాలో వంశపారంపర్యంగా వస్తుంది, అక్కడా కులం లెక్కలున్నాయి. వారం కాగానే ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు. చీర కట్టినవాడే మర్నాడు బస్టాండు దగ్గర హిజ్రాను చూసి వెకిలిగా నవ్వొచ్చు కూడా. కాబట్టి జాతరను చూపించి సీనును సమర్థించడమూ కుదరదు, జాతరను ఆదర్శంగా చూపించి నేను గెలవడమూ కుదరదు.

మాటలతో తేలక, వాళ్ళకు తెలిసినవాళ్ళ ద్వారా ఒక ట్రాన్స్ మహిళను కలిశాం. దర్శకుడు సీను చెప్పాడు. ఆమె టీ తాగడం పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత స్క్రిప్టులో ఇంకా ఎవరెవరున్నారో అడిగింది. టెంట్‌హౌస్ ఓనరుకు అప్పిచ్చి రోజూ వసూలుకొచ్చే ఫైనాన్స్ మనిషి ఒకడున్నాడు, ఆ వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

“అది నాకియ్యండి. దబాయించేది నాకు బాగా వచ్చు. కానీ పెళ్ళిళ్ళు చూస్తే నాకు ఏడుపొస్తాది. వసూలుకొచ్చి, తాళి కట్టేటప్పుడు కూర్చోని ఏడుస్తా. వాడు అందులో తప్పించుకుంటాడు. రోజూ అంతే,” అంది.

దర్శకుడికి నచ్చింది, భయమూ వేసింది. హిజ్రాలు డబ్బుల కోసం వెంటపడతారన్న మాటకే బలం ఇచ్చినట్టు కాదా అన్నాడు. నేనూ రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. కాదనిపించింది. ఆమె అడుక్కోవడం లేదు, ఇచ్చింది అడుగుతోంది. దాక్కునేవాడు ఓనరు. పైగా ఏడుపు అన్న ఆలోచన ఆమెదే. వ్యాపారంలో గట్టి మనిషి, పెళ్ళి మేళం వినగానే కరిగిపోతుంది. ఆ బలహీనత ఆమె తనంతట తాను కోరుకుని తెచ్చుకున్నది. మేము కూర్చుని రాసి ఉంటే మళ్ళీ ఒక దేవతనో, మళ్ళీ ఒక చప్పట్ల గుంపునో రాసి ఉండేవాళ్ళం.

వేషం ఆమెకే ఇచ్చారు. చీర సీను మాత్రం దర్శకుడు ఇంకా వదల్లేదు. ఆ రెండూ ఒకే సినిమాలో ఉంటే ఆమెను పిలిచి అవమానించినట్టేనని నా పట్టు. అది తీసేస్తే హీరో స్నేహితుడు కర్మ ఇంటి నుంచి ఎట్లా బయటపడాలి అని అడుగుతున్నారు. వంటపాత్రలు తీసుకుపోయే ఆటోలో పెద్ద డేగిసాలో దాక్కోమనండి అన్నాను. ఆ ఆటో కూడా ఆమె ఫైనాన్సులోనే ఉందనీ, కంతులు కట్టక ఆ రోజే దాన్ని ఆమె మనుషులు పట్టుకుపోతారనీ రాస్తే సరిపోతుందని సౌండు అమ్మాయి అంటోంది.